వేసవిలో తీపి పరిమళం – ముక్కు చెప్పే మాట

గత వైశాఖమాసంలో, బెంగుళూరులో చదువుకొనుచున్న మా మనుమరాలు సెలవులకు మదనపల్లె వచ్చినది. ఆమె వసారాలో అడుగుపెట్టినంతనే ఇల్లంతా బేనిషా మామిడిపండు కోసినట్లు గుప్పుమన్నది. "పండ్లు ఎప్పుడు తెచ్చినారు?" అని నేను మా ఇంటి ఇల్లాలిని అడిగితిని. అమ్మాయి నవ్వి, సంచిలోనుండి నారింజరంగు సీసా ఒకటి తీసి చూపినది. అది సెంటు. వేసవికై ప్రత్యేకముగా తయారైనదట. మొదట మామిడి, కాసేపటికి కొబ్బరిపాలు, సాయంత్రానికి బెల్లపు పాకం ముదిరిన వాసన.

నేను ముఖం చిట్లించితిని. ఆమె ఊరకుండలేదు. "తాతా, ఎండకాలంలో తీపి, చలువ, ద్రవం మంచివని మీ చరకుడే చెప్పినాడంటారు కదా! తీపి తినమన్న శాస్త్రం తీపి వాసన పూసుకోవద్దన్నదా?" అని అడిగినది.

నలభై ఏండ్లుగా నాడి పట్టుచున్నవానికి ఈ ప్రశ్నకు వెంటనే జవాబు దొరకలేదు. "అవన్నీ విదేశీ వాసనలు, మనకు పడవు" అని తోసివేయుట తేలిక. కాని అది వైద్యుడు చెప్పదగిన జవాబు కాదు. ఆనాడు ఆమెకు చెప్పలేకపోయిన దానిని ఆలోచించి ఇక్కడ వ్రాయుచున్నాను. ఈ సీసాలు నేడు మధ్యతరగతి ఇండ్లన్నింటా కనిపించుచున్నవి కనుక పాఠకులకును ఇది ఉపయోగపడునని తలచెదను.

పండు లేని పండు వాసన

ఈ తరహా పరిమళాలను పాశ్చాత్యులు 'గూర్మాండ్' అని పిలుతురు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు తిండిప్రియుడని అర్థం. పూలు, చెక్కలు, వేళ్ళు కాక, మిఠాయిలను తలపించు వాసనలివి. 1992లో పారిస్‌కు చెందిన థియరీ మ్యూగ్లర్ సంస్థ వెలువరించిన 'ఏంజెల్' అను సెంటుతో ఈ ఒరవడి బలపడినదని ఆ రంగంలోనివారు చెప్పుదురు. అందు ప్రధానమైనది ఇథైల్ మాల్టాల్ అను పదార్థం. తిరునాళ్ళలో పిల్లలు కొనుక్కొను పీచుమిఠాయిని తలచుకొనండి. దాని వాసన అదే. ప్రకృతిలో అది దొరకదు, రసాయనశాలలో తయారగును. కేకులలోను, ఐస్‌క్రీములోను వాడు వెనిల్లా వాసనకు మూలమైన వెనిలిన్‌ను సయితం 1874లోనే జర్మనీలో కృత్రిమముగా తయారుచేసినారు.

ఇక మామిడి సంగతి. మల్లె, గులాబీ, వట్టివేరు, చందనం - వీటినుండి పరిమళతైలం తీయవచ్చును. మామిడి, అరటి, అనాస వంటి పండ్ల గుజ్జునుండి సెంటుకు పనికివచ్చు తైలం ఆ విధముగా రాదు. కనుక సెంటులోని మామిడి సాధారణముగా మామిడి కాదు. పలు రసాయనద్రవ్యాల కూర్పు. ఎస్టర్లు, లాక్టోన్లు అను వర్గాలకు చెందిన పదార్థాలు అరటిని, అనాసను, కొబ్బరిని తలపింపజేయును. ఇందు మోసమేమియు లేదు. అది వారి విద్య. అయితే "పండ్లతో చేసినది కనుక హాని లేదు" అని మన గృహిణులు అనుకొనుట మాత్రం పొరపాటు.

మన చిత్తూరుసీమవారికి మామిడి వాసనను ఒకరు సీసాలో పెట్టి అమ్మనక్కరలేదు. జ్యేష్ఠ, ఆషాఢాలలో తోతాపురి కాయలు బండ్లకెత్తి గుజ్జు ఫ్యాక్టరీలకు పోవుచుండగా దారి పొడవునా ఆ వాసనే. ఆ వాసనలో పుట్టి పెరిగిన పిల్ల, దూరపు ఊరిలో ఉండి, దానిని సీసాలో వెదకుకొన్నది. ఇది తట్టిన తరువాత నా కోపం సగం తగ్గినది.

శాస్త్రం సుగంధాన్ని కాదనలేదు

ఆయుర్వేదం చేదు కషాయాల శాస్త్రమని, పరిమళాలు విలాసమని పలువురు భావించెదరు. అది నిజము కాదు. చరకసంహిత సూత్రస్థానంలో దినచర్యను చెప్పుచు, సుగంధమును పూలమాలలను ధరించుట మనస్సుకు ప్రసన్నతను, శరీరమునకు పుష్టిని, ఆయుష్షును ఇచ్చునని చెప్పబడినది. అభ్యంగనం, స్నానం, శుభ్రమైన వస్త్రధారణ చెప్పిన చోటనే గంధధారణమును చెప్పినారు. అనగా అది ఆరోగ్యవిధులలో ఒకటి.

అయితే శాస్త్రం ఋతువును అనుసరించి గంధమును విధించినది. హేమంతంలో అగరు, కుంకుమపువ్వు, కస్తూరి వంటి ఉష్ణద్రవ్యాలు. గ్రీష్మంలో చందనం, వట్టివేరు, పూలమాలలు, తడిపిన విసనకర్రల గాలి. చలికాలపు పూతను ఎండకాలంలో పూసుకొనుట, కంబళి కప్పుకొని మిద్దెమీద ఎండలో నిలుచుట వంటిది.

పరిమళాలు కలుపు విద్యను మన పూర్వులు గంధయుక్తి అన్నారు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికై ఒక అధ్యాయమునే కేటాయించినాడు. పదునారు ద్రవ్యాలనుండి నాలుగేసి ఎన్నుకొని, పాళ్ళు మార్చి కలుపుచు పోయినచో 1,74,720 పరిమళాలు సిద్ధించునని ఆయన లెక్కగట్టినాడు. పదునారింటిలో నాలుగేసి ఎన్నుకొను విధాలు 1,820. వాటిని పాళ్ళ మార్పులగు 96తో హెచ్చవేసినచో ఆ సంఖ్య వచ్చును. కనుక కొత్త కొత్త పరిమళాలు కలుపుట మనకు పరాయి విద్య కాదు. మనుమరాలి సీసాను చూచి నేను ముఖం చిట్లించుట శాస్త్రసమ్మతం కాదని ఒప్పుకొనుచున్నాను.

సందర్భం వచ్చినది కనుక ఒక మాట. మన శేషాచలం కొండలలోని ఎర్రచందనమును అరగదీసి పరిమళం కొరకు పూసుకొనువారున్నారు. ఎర్రచందనమునకు చెప్పుకోదగిన సువాసన లేదు. దాహశమనమునకు, చర్మమునకు పూతగా దాని ఉపయోగం వేరు. పరిమళము గలది శ్రీగంధం. రెండును చందనములే అయినను చెట్లు వేరు.

రుచి వేరు, వాసన వేరు

ఇక మనుమరాలి అసలు ప్రశ్న. గ్రీష్మంలో మధురరసం హితమని చెప్పినది నిజమే. అయితే రసం నాలుకకు తెలియు గుణం. ద్రవ్యం కడుపులో చేరి, పాకమై, ధాతువులకు అందినపుడే దాని ఫలం కలుగును. పానకం త్రాగినచో అలసట తీరును. పానకం వాసన చూచినంతమాత్రాన తీరదు. సీసాలోని బెల్లపు వాసనకు మధురరసము యొక్క బృంహణశక్తిని అంటగట్టుట తర్కమునకు నిలువదు.

అట్లే దీనికి ఎదురువాదమును కూడ నేను ఒప్పుకొనను. తీపి వాసన కఫమును పెంచునని, లావెక్కించునని చెప్పువారు కలరు. మన నిఘంటువులలో లేని ద్రవ్యమునకు గుణమును ఊహించి చెప్పుట వైద్యుని పని కాదు. వెనిల్లా మెక్సికో దేశపు తీగ. ఇథైల్ మాల్టాల్ ప్రయోగశాలలో పుట్టినది. వాటి రసవీర్యవిపాకాలను మన ఋషులు చెప్పలేదు. చెప్పనిదానిని చెప్పినట్లు పలుకుట వారికి గౌరవం కాదు.

వాసనకు తనదైన పని లేకపోలేదు. పుంగనూరు ఆవు వెన్న పొయ్యిమీద కాగుచున్నపుడు, అందు వేసిన తమలపాకు చిటపటలాడుచున్నపుడు, ఇంటిలో ఆకలి లేని ముసలివారు కూడ వంటింటివైపు తల త్రిప్పెదరు. నోరూరించుట, ఆకలిని మేల్కొల్పుట, జ్ఞాపకమును లేపుట, మనస్సును తేలికపరచుట వాసన చేయు మేలు. అది చిన్నది కాదు. తీపి పరిమళంవలన ఒక పిల్ల మనస్సు ప్రసన్నమగుచున్నచో, అంతవరకు అది సుగంధధారణ ఫలమే.

కనుక తప్పు తీపిలో లేదు. వాడు విధంలోను, వాడు సమయంలోను ఉన్నది.

ఎండ, చెమట, సెంటు

వేడికి పరిమళం త్వరగా ఆవిరియై లేచును. మార్గశిరంలో మూడు చుక్కలు ఇచ్చు వాసనను జ్యేష్ఠంలో ఒక చుక్క ఇచ్చును. పైగా ముక్కు కొద్ది నిమిషాలలోనే తన వాసనకు తాను అలవాటుపడును. పూసుకొన్నవారు "వాసన పోయినది" అనుకొని మరల కొట్టుకొందురు. ప్రక్కన కూర్చున్నవారికి తలనొప్పి పట్టుకొనును. ఉబ్బసం, పార్శ్వపునొప్పి గలవారికి ఘాటైన వాసన బాధను రేపవచ్చును. మదనపల్లెనుండి కుప్పం పోవు బస్సులో, మిట్టమధ్యాహ్నం, ముగ్గురి సెంట్లు, నలుగురి చెమట, ఒక బుట్ట పనసతొనలు కలిసినచో ఏమగునో ప్రయాణించినవారికి చెప్పనక్కరలేదు.

చర్మం విషయం మరింత ముఖ్యమైనది. కొన్ని సుగంధద్రవ్యాలు చర్మముపై ఉండగా ఎండ తగిలినచో కమిలి, పిదప నల్లని మచ్చలు నిలుచును. బెర్గమాట్ అను నిమ్మజాతి పండు తొక్క తైలంలోని బెర్గాప్టెన్ అను పదార్థం ఇందుకు పేరుమోసినది. సెంటు మెడమీదుగా జారిన మేరకు చారలుగా మచ్చలు పడుట వైద్యులు చాలకాలంగా ఎరిగినదే. అందువలన నేడు పేరున్న తయారీదారులు ఆ పదార్థమును తొలగించిన తైలమును వాడుచున్నారు. కాని సంతలో దొరకు పేరులేని సీసాలో ఏమున్నదో ఎవరు చెప్పగలరు?

ఇంటి చిట్కాలు వ్రాయు మనము కూడ ఇక్కడ తల వంచుకొనవలసినది ఒకటి కలదు. నిమ్మచెక్క ముఖముపై రుద్దుకొని ఎండలోకి పోయినను ఇదే హాని కలుగవచ్చును. మన సున్నిపిండిలో బావంచాలు వేయు అలవాటు కలదు. బావంచాలలోని సోరాలెన్ ఎండతో కలిసి చర్మముపై బలముగా పనిచేయును. ఆ గుణమువలననే వాటిని బొల్లికి వైద్యుని పర్యవేక్షణలో వాడుదురు. అట్టిదానిని నడివేసవిలో ఆడపిల్లలకు నలుగు పెట్టి ఎండలో బడికి పంపరాదు. చెట్టునుండి వచ్చినదంతయు చల్లనిది, సీసానుండి వచ్చినదంతయు విషం అను భావన మనలను మోసగించును.

ఇక దద్దుర్ల సంగతి. ఐరోపా సమాఖ్య అలర్జీ కలిగించు సుగంధద్రవ్యాల పేర్లను సీసాపై ముద్రింపవలెనని నియమించి, మొదట 26గా ఉన్న ఆ జాబితాను 2023లో 80కి పైగా పెంచినది. అందు లినలూల్, లిమొనీన్ వంటివి పూలలోను, నిమ్మతొక్కలోను సహజముగా ఉండునవే. గాలి తగిలి పాతబడినకొలది వాటికి అలర్జీ కలిగించు గుణం పెరుగును. కిటికీలో ఎండ తగులుచోట పెట్టిన పాత సీసా, అది అత్తరైనను సెంటైనను, ఒంటికి తగదు.

నా పొరపాటు

ఇంతవరకు చెప్పినది చర్మమునకు, తలనొప్పికి సంబంధించినది. ఈ వ్యాసం వ్రాయుటకు అసలు కారణం వేరొకటి. అది నా పొరపాటు కనుక దాచుకొనుటకు మనస్సు ఒప్పలేదు.

కొన్నేండ్ల క్రిందటి మాట. వారానికొకనాడు నేను పుంగనూరు వెళ్ళి రోగులను చూచుట అలవాటు. ఒక వేసవి మధ్యాహ్నం, కుప్పం ప్రాంతపు పల్లెనుండి బంధువుల ఇంటికి వచ్చిన ఒక తల్లి, పదునేడేండ్ల కూతురిని పట్టుకొని తీసికొని వచ్చినది. పిల్ల వాడిపోయి ఉన్నది. వాంతులు, దప్పిక, నీరసం. బయట నిప్పులు చెరగు ఎండ. దగ్గరకు రాగానే తీపి పండ్ల వాసన గుప్పుమన్నది. ఆమె దుస్తులనుండి వచ్చుచున్న సెంటు వాసన అది.

"ఇంత ఎండలో, ఇంత జబ్బులో, ఈ సెంట్లేమిటమ్మా?" అని కసరితిని. వడదెబ్బ అని నిశ్చయించుకొని, చక్కెర కలిపిన నిమ్మనీరు తెప్పించి త్రాగింపమంటిని. పిల్ల రెండు గుటకలు వేసినది.

తల్లి చిన్నబోయి, "బిడ్డ పూసుకోలేదు సామీ. బస్సులో వాంతి వాసన రాకుండా నేనే బట్టలకు కొట్టినా. ఆ వాసన దాని నోట్లో గూడా వస్తా ఉంది, మూడు దినాలుగా" అన్నది.

నేను వంగి పిల్ల ఊపిరిని వాసన చూచితిని. బట్టలమీది వాసన వేరు, ఊపిరిలోని వాసన వేరు. రెండవది మాగిన పండు పులియబట్టినట్లున్నది. అప్పుడు గాని ఆమె ఊపిరి ఎంత లోతుగా, ఎంత వడిగా నడుచుచున్నదో నా కంటికి ఆనలేదు. ఇటీవల చాల బక్కచిక్కినదా అని అడిగితిని. అవునన్నది. రాత్రులు మాటిమాటికి లేచుచున్నదా? అవును. పాయిఖానాలో చీమలు పట్టుచున్నవా? తల్లి ఆశ్చర్యపోయి, "మీకెట్ల తెలుసు సామీ?" అన్నది.

నిమ్మనీరు ప్రక్కన పెట్టించి, ఆటో పిలిపించి, నేను వెంటనుండి ఆసుపత్రికి చేర్చితిని. రక్తంలో చక్కెర విపరీతముగా ఉన్నది. మూత్రంలో కీటోన్లు ఉన్నవి. శరీరంలో ఇన్సులిన్ లేనప్పుడు కణాలు చక్కెరను వాడుకొనలేవు. దేహం క్రొవ్వును కరిగించి వాడుకొనును. అప్పుడు పుట్టు కీటోన్లు రక్తమును ఆమ్లమయం చేయును. అందులోని అసిటోన్ ఊపిరిలో వెలువడి పండు వాసననో, గోళ్ళరంగు తుడిచే మందు వాసననో ఇచ్చును. గంటలు గడిచినకొలది ప్రాణాపాయం. ఆ పిల్లకు సెలైను, ఇన్సులిన్ పెట్టినారు. బ్రతికినది. నేడు ఇన్సులిన్ తీసికొనుచు డిగ్రీ చదువుచున్నది.

ఆ తల్లి నోరు విప్పి ఉండకపోయినచో నేను నిమ్మనీరు త్రాగించి, చల్లని చోట పడుకోబెట్టమని ఇంటికి పంపియుందును. ఈ మాట వ్రాయుచుండగా ఇప్పటికిని నా చేయి వణకును.

గురువుగారి నియమం

మా గురువుగారి ఇంటిలో విద్యార్థులకు పూలు, గంధం, అత్తరు నిషేధం. అది బ్రహ్మచర్యనియమమని మేము అనుకొంటిమి. ఆయన మరొక కారణం చెప్పెడివారు: తన ఒంటికి వాసన ఉన్న వైద్యునికి రోగి వాసన తెలియదు. కండ్లకు గుడ్డ కట్టి ఎండుమూలికలు చేతికిచ్చి, వాసనతోనే పేరు చెప్పుమనెడివారు. తుంగముస్తకు, వట్టివేరుకు తేడా చెప్పలేనివానికి ఆనాడు రోగి గదిలోనికి ప్రవేశం లేదు.

రోగి శరీరగంధమును ముక్కుతో పరీక్షింపవలెనని చరకసంహిత విమానస్థానం చెప్పుచున్నది. మధుమేహమునకు ముందు కనబడు లక్షణాలలో శరీరమునకు, మూత్రమునకు చీమలు చేరుటను నిదానస్థానం పేర్కొన్నది. ఇంద్రియస్థానంలో 'పుష్పితకం' అను అధ్యాయమే కలదు: ఏ పూతయు లేకుండ, కారణము లేకుండ, ఒక మనిషి దేహం పూలవలె పరిమళించుచున్నచో దానిని అరిష్టముగా తలచవలెనని అందలి భావం. పాఠకులు బెదరిపోనక్కరలేదు, సువాసన గలవారందరికి ఆపద రాదు. కాని పెద్దల హెచ్చరికలోని సారం ఇది: కారణం తెలియని తీపి వాసనను ఆనందింపక, ఎక్కడినుండి వచ్చుచున్నదో అడుగుము. ఇంత చదివిన నేను, వాసనను గమనించితినే గాని, అడుగలేదు. ముందే కోపగించుకొంటిని. సెంటు నా ముక్కును కప్పినది కొంత. సెంటుమీద నాకున్న చిన్నచూపు కప్పినది మరింత.

గృహిణులకు నా మనవి

పిల్లలు గాని, పెద్దలు గాని జబ్బుపడినపుడు వాసనను సెంటుతో కప్పవద్దు. వైద్యుని వద్దకు, ఆసుపత్రికి పోవునపుడు సెంటు, అత్తరు, ఘాటైన తలనూనె మానవలెను. నోటినుండి, చెమటనుండి, మూత్రమునుండి కొత్త వాసన వచ్చుచున్నచో సిగ్గుపడక చెప్పవలెను.

తీరని దప్పిక, మాటిమాటికి మూత్రం, మానిన పిల్ల మరల పక్క తడుపుట, బరువు తగ్గుట, వాంతులు, కడుపునొప్పి, లోతైన వేగమైన ఊపిరి, మగత - వీటిలో కొన్ని కలిసి కనిపించినచో వడదెబ్బ అని ఇంటిలో కూర్చుండరాదు. ఆ గడియనే ఆసుపత్రికి పోవలెను. పండు వాసన అందరి ముక్కులకు తెలియదు. వాసన లేదని ఊరకుండరాదు. ఇన్సులిన్ అవసరమైన బిడ్డకు దానిని మాన్పించి, ఆకుపసరులు, చూర్ణాలు ఇచ్చువాడు వైద్యుడు కాడు. ఈ మాట ఆయుర్వేద వైద్యునిగానే చెప్పుచున్నాను.

ఆరోగ్యముగా ఉన్నవారు వేసవిలో పరిమళం కోరినచో ఇవి పాటింపవచ్చును:

1. తీపి సెంటును మెడకు, ముఖానికి కాక, నూలు వస్త్రమునకు లోపలివైపు ఒక్కసారి కొట్టుకొనవలెను. పట్టుచీరలకు, ముత్యాలకు తగులనీయరాదు. ఎండలో తిరుగుటకు కాక సాయంకాలమునకు అది తగినది.

2. ముందు స్నానం, పిదప పరిమళం. చెమటపై కొట్టిన సెంటు రెండు వాసనలను కలిపి మూడవదానిని పుట్టించును.

3. సానరాయిపై శ్రీగంధమును పన్నీటితో అరగదీసి, నుదుటికి, గొంతు క్రింద పలుచగా పూసుకొని, ఆరిన పిదప కడుగవలెను. వేసవికి దీనిని మించిన పూత నేనెరుగను.

4. శుభ్రముగా కడిగిన వట్టివేరు పిడికెడు తీసి, పలుచని గుడ్డలో మూటగట్టి, మంచినీటి కుండలో రాత్రి వేసియుంచవలెను. మరునాడు ఆ నీరు త్రాగవచ్చును. రెండు రోజులకొకసారి వేరును ఎండబెట్టి వాడుకొని, వారమునకు మార్చవలెను.

5. వేసవి సున్నిపిండి: పెసలు 250 గ్రాములు, వట్టివేరు, గంధకచ్చూరాలు, నీడన ఎండిన గులాబీరేకులు ఒక్కొక్కటి 50 గ్రాములు, తుంగముస్తలు 25 గ్రాములు. మెత్తగా కొట్టి జల్లించవలెను. బావంచాలు వేయరాదు. ముందుగా మోచేతి లోపల కొంచెం రుద్ది, ఒక దినం చూచి, దురద లేనిచో వాడవలెను.

6. దవనం, మరువం కలిపి కట్టిన మల్లెదండ సాయంకాలపు పరిమళం. బీరువాలో బట్టల మధ్య ఎండిన వట్టివేరు కట్ట ఏడాది పొడవునా.

7. సెంటులో అధికభాగం మద్యసారం. దీపం, పొయ్యి దగ్గర కొట్టరాదు. మిఠాయి వాసన వచ్చు సీసాను పసిపిల్లలు నోట పెట్టుకొందురు. మద్యసారం వారి రక్తంలోని చక్కెరను అపాయకరముగా తగ్గింపగలదు. పచ్చకర్పూరం కూడ పిల్లలకు అందనిచోట ఉంచవలెను. మింగినచో మూర్ఛ రావచ్చును.

సెలవులు ముగిసి మనుమరాలు ప్రయాణమైన నాడు ఇదంతయు ఆమెకు చెప్పితిని. శ్రద్ధగా విన్నది. "అయితే పారవేయనక్కరలేదు కదా?" అన్నది. పారవేయనక్కరలేదమ్మా, పండుగనాటి సాయంత్రం వాడుకొనుము, జ్వరం వచ్చిననాడు మాత్రం ముట్టుకొనకుము అంటిని. వెళ్ళునపుడు మా ఇల్లాలు ఆమె సంచిలో వట్టివేరు కట్ట ఒకటి, బేనిషా పండ్లు అరడజను పెట్టినది. ఆ పిల్ల పండునొకదానిని ముక్కు దగ్గర పెట్టుకొని కండ్లు మూసికొన్నది. "సీసాలోది దీని కాలిగోటికి చాలదు తాతా" అన్నది. నేను మారుమాట చెప్పలేదు.